ముక్కుతో మాట్లాడే ఆవిడ

ఆ సోమవారం ఉదయానికి కవలల తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలిద్దరూ తన కాళ్ళకు చుట్టుకుని ఏడుస్తారు. తను వాళ్ళను చెరో చేత్తో విడిపించుకుని, కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోతుంది. భర్త గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడతాడు. దాదాపు రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళే తల్లి ఆ మాత్రం వీడ్కోలు కోరుకోవడం అత్యాశేమీ కాదు.

జరిగింది వేరు. కొత్త ఫ్యాను వచ్చిన అట్టపెట్టె హాల్లో పడి ఉంది. కొడుకు అందులో కూర్చున్నాడు, కూతురు దాన్ని వెనకనుంచి నెడుతోంది. ఒళ్ళు చూసి వాణ్ణి బొద్దు అనీ, నోరు చూసి దాన్ని పిట్ట అనీ ఇంట్లో పిలుస్తారు.

"బొద్దూ, అమ్మ వెళ్ళిపోతోంది రా," అంది తల్లి గుమ్మంలో నిలబడి.

బొద్దు చెయ్యి ఊపాడు. అది టాటాయో, దారికి అడ్డు తప్పుకోమనడమో తేలలేదు.

"పిట్టా, అమ్మ ఆఫీసుకి వెళ్ళిపోతోందమ్మా. మళ్ళీ సాయంత్రం దాకా రాదు."

"పో," అంది పిట్ట, పెట్టెను ఇంకాస్త బలంగా నెడుతూ.

భర్త లెక్కల మాష్టారు. బడికి సెలవులు కావడంతో ఈ కొన్ని వారాలూ పిల్లలను తనే చూసుకుంటానని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు ఊరుకోకుండా, క్లాసు నిండా పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టేవాడికి ఇద్దరొక లెక్కా అని కూడా అన్నాడు. "నువ్వు నిశ్చింతగా వెళ్ళు. నువ్వు లేని సంగతే వాళ్ళకి తెలీనివ్వను," అన్నాడిప్పుడు. ధైర్యం చెబుతున్నానని ఆయన ఉద్దేశం.

"ఫోన్లు మాత్రం చూపించకండి," అని ఆమె మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూడకూడదన్న నిర్ణయం ఎలాగూ ముందే తీసుకుంది కాబట్టి, మెట్టుమెట్టుకూ ఆగి చూసింది. పైనుంచి అట్టపెట్టె రాసుకుంటున్న చప్పుడు, నవ్వులు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఇన్నాళ్ళుగా ఆమె స్నానాల గదిలో కూడా ఒంటరిగా ఉన్న పాపాన పోలేదు. తలుపు కింది సందులోంచి బుల్లి వేళ్ళు లోపలికి వచ్చి "అమ్మా, అమ్మా" అని గచ్చు మీద తడుముతూ ఉండేవి. ఒక్క గంట నన్ను వదిలేస్తే చాలు దేవుడా అని ఎన్నిసార్లు మొక్కుకుందో. ఆ మొక్కు ఇలా తీరినందుకు ఇప్పుడామెకు కడుపు మండిపోతోంది.

ఆమె పనిచేసేది వినికిడి పరీక్షలు చేసే చోట. చెవుల డాక్టరమ్మ నడిపే కేంద్రం అది. చుట్టూ మెత్తలు కట్టిన చిన్న గాజుగదిలో పేషంటు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. బయట కూర్చున్న ఈమె మిషన్లోంచి సన్నగా, లావుగా శబ్దాలు పంపుతుంది. వినపడినప్పుడల్లా ఆయన చేతిలోని బటన్ నొక్కాలి. ఈ పనిలో ఆమె చెవికి మంచి పేరుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు విని వచ్చేదెవరో చెప్పేది. ఫోన్లో దగ్గు విని జలుబు ఎన్నాళ్ళ నుంచో చెప్పేది.

"అక్కా, పిల్లలు బాగా ఏడ్చారా?" అంది రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి, ఆమెను చూడగానే.

"ఏం చెప్పమంటావు. కాళ్ళు పట్టుకుని వదల్లేదు," అంది ఆమె. ఆ రోజు ఆడిన మొదటి అబద్ధం అది. రిసెప్షన్ అమ్మాయి మనసు వెన్న. వెంటనే కళ్ళొత్తుకుంది.

మొదటి పేషంటు రిటైరైన రైలు డ్రైవరు. ఇంజను మోతలో బతికినాయన, రెండు చెవులూ అంతంతమాత్రం. ఆయన్ని గాజుగదిలో కూర్చోబెట్టి ఆమె మిషన్ ముందు కూర్చుంది. చూపు మాత్రం పక్కనున్న ఫోను మీదే ఉంది. ఈపాటికి మాష్టారు ఫోను చేసి, 'నా వల్ల కావడం లేదు, వాళ్ళు నీకోసం ఒకటే ఏడుపు' అని మొత్తుకుని ఉండాలి. ఫోను మోగలేదు. ఒకవేళ పాడైందేమోనని కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గాజుగదిలో ముసలాయన మర్యాద కొద్దీ అప్పుడప్పుడూ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. తను అసలు శబ్దాలే పంపడం లేదని ఆమెకు చాలాసేపటికి తట్టింది.

ఆయన పరీక్ష ముగించి బయటికి పంపాక ఇక ఉండబట్టలేక తనే ఫోను చేసింది.

చాలాసేపు మోగాక మాష్టారు ఎత్తాడు. ఎత్తినవాడు మాట్లాడేలోపే వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏదీ... నా బంగారం ఏదీ... అమ్మ దగ్గర ఇంకొక్క ముద్ద..."

ఆ వెంటే ఇద్దరు పిల్లలూ ఒకేసారి, "అమ్మా," అన్నారు. అని, పకపకా నవ్వారు.

"హలో. ఆ, అంతా బాగుంది, ఏం పర్లేదు," అన్నాడు మాష్టారు హడావిడిగా.

"ఎవరక్కడ?"

"ఎవరూ లేరే."

"ఆడగొంతు వినిపించింది."

"టీవీ అయ్యుంటుంది."

"మన టీవీ పాడైందిగా."

మాష్టారు కాసేపు ఆలోచించాడు. "పక్కింటి టీవీ," అని ఫోను పెట్టేశాడు.

ఆమె చెవులు నిప్పుకణికల్లా అయ్యాయి. అనుభవమున్న మనిషి కాబట్టి ఆ గొంతును మనసులో మళ్ళీ వినిపించుకుంది. ముప్ఫై దాటిన మనిషి. మాట ముక్కులోంచి వస్తోంది. ప్రతి మాట చివరా సాగదీస్తోంది. పరాయి పిల్లల్ని మచ్చిక చేసుకోవడానికి పనిగట్టుకుని తియ్యగా చేసుకున్న గొంతు అది. అలాంటి గొంతును ఏ పిల్లలైనా ఎలా భరిస్తారో ఆమెకు అర్థం కాలేదు.

ఎవరై ఉంటారు. పక్కింటావిడది బొంగురు గొంతు. ఆడపడుచు మాట్లాడితే మేకు కొట్టినట్టుంటుంది. ఇక మిగిలింది ఒక్కరే. మాష్టారి బళ్ళో పాటల టీచరు. ఆవిడ క్లాసులో పిల్లలు మంత్రించినట్టు కూర్చుంటారని మాష్టారు ఒకసారి అన్నం తింటూ అన్నాడు. ఆ మాట అప్పుడే నచ్చలేదు.

మొగుడి సంగతి కూడా ఆమెకు తట్టకపోలేదు. తట్టింది గాని, వరసలో వెనకగా తట్టింది. ఆయన్ని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. పిల్లలు ఇంకొకావిణ్ణి అమ్మా అన్నారు. అది కూడా నవ్వుతూ అన్నారు. ఇద్దరినీ ఒకేసారి కడుపున మోసి, రాత్రంతా ఒకరి తర్వాత ఒకరికి పాలు పట్టి, నిద్ర మొహంతో రెండు వైపులా జోకొట్టింది తనైతే, ముక్కుతో మాట్లాడే ఎవరో వచ్చి ఒక్క పూటలో అమ్మ అయిపోయింది.

ఆమె రిసెప్షన్ దగ్గర నిలబడి ఉన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "మేడమ్, నేను ఒకసారి ఇంటికి వెళ్ళొస్తాను."

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మొదటిరోజేనా?"

"పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందట మేడమ్," అంది ఆమె. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

పక్కనే కుర్చీలో రైలు డ్రైవరు భార్యతో కూర్చుని రిపోర్టు కోసం చూస్తున్నాడు. మాట సగం చెవిన పడింది, సగం పడలేదు. చెవులు సరిగ్గా వినపడనివాళ్ళు గుసగుసలాడితే వీధంతా వినపడుతుంది.

"ఏమే, ఈ అమ్మాయి పాపకి ఒళ్ళంతా మచ్చలట," అన్నాడు భార్యతో.

హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ ఎంతో కొంత చెముడు ఉన్నా, ఆ మాట మాత్రం అందరికీ స్పష్టంగా వినిపించింది. మచ్చలు రెండో వరస కుర్చీలకు చేరేసరికి ఎర్ర మచ్చలయ్యాయి. మూడో వరసలో పొక్కులయ్యాయి. తలుపు దగ్గర కూర్చున్న పెద్దాయన దాకా వెళ్ళేసరికి అవి ఊళ్ళో సగం మందికి వచ్చాయి. చంటిబిడ్డతో వచ్చిన ఒకావిడ బిడ్డ మొహాన గుడ్డ కప్పేసి, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది.

"మచ్చలని చెప్పలేదేం అక్కా?" అంది రిసెప్షన్ అమ్మాయి కంగారుగా.

కాదంటే వెచ్చదనం కూడా కాదనాల్సి వస్తుందేమోనని ఆమెకు భయం వేసింది. "మచ్చలంటే... అంత పెద్దవేం కావు," అంది.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. "ఎప్పట్నుంచి?"

"పొద్దుటి నుంచి."

"నువ్వు ఎత్తుకున్నావా పాపని?"

పిట్ట పొద్దున్న తన చేతిక్కూడా అందలేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "వదిలితే గదా మేడమ్. చంకలోంచి దిగలేదు," అంది.

అంతే. ఆమె ముట్టుకున్న హెడ్‌ఫోన్లు, మిషను, తలుపు పిడి, కుర్చీలు అన్నీ స్పిరిటుతో తుడిచారు. ఆమె హెడ్‌ఫోన్లు తొడిగింది రైలు డ్రైవరు చెవులకు కాబట్టి ఆయన చెవులు కూడా తుడిచారు. ఎందుకు తుడుస్తున్నారో అర్థం కాకపోయినా, ఇప్పుడు కాస్త బాగా వినపడుతోందని ఆయన సంతోషించాడు. హాలు ఖాళీ అయిపోయింది. డాక్టరమ్మ తలుపుకున్న బోర్డు తిప్పించి, సంచీ భుజాన వేసుకుంది.

"పద, నేనే వచ్చి చూస్తాను. కవలలు కదా, రెండోవాడికి అంటకముందే చూడాలి."

"మీకెందుకు మేడమ్ శ్రమ. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు? మొహం చూడు ఎలా పాలిపోయిందో," అంది డాక్టరమ్మ, కారు తాళాలు తీస్తూ.

కారులో డాక్టరమ్మ తన పిల్లలకు చిన్నప్పుడు వచ్చిన జబ్బులన్నీ వరసగా చెప్పుకొచ్చింది. ఆమె ఒక్కటీ చెవిన పెట్టలేదు. కళ్ళ ముందు పాటల టీచరు ఒళ్ళో ఒక పక్క బొద్దు, ఇంకో పక్క పిట్ట కనిపిస్తున్నారు. డాక్టరమ్మ ప్రతి మలుపులోనూ అంత నెమ్మదిగా ఎందుకు తిప్పుతోందో, ఆ టీచరు పారిపోవడానికి వ్యవధి ఇస్తోందేమోనని కూడా అనిపించింది.

కారు ఆగగానే ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళింది. వెనకాల డాక్టరమ్మ సంచీతో ఆయాసపడుతూ వస్తోంది. ఆమె బెల్లు కొట్టలేదు. తలుపుకు చెవి ఆనించింది. లోపల స్పష్టంగా, అదే గొంతు. "ఏదీ... నా బంగారం ఏదీ..."

తలుపు తోసేసింది. ఎదురుగా మాష్టారు, చంకలో దిండు, చేతిలో తడిగుడ్డతో నిలబడి ఉన్నాడు. భార్యను చూడగానే ఎదురొచ్చాడు.

"వచ్చావా. ఎలా ఉంది నీకు? ముందు పడుకో."

"ఎక్కడుంది?"

"లోపలే. మంచం మీద దుప్పటి కూడా మార్చాను."

"మంచం కాదు. ఆవిడెక్కడుందని అడుగుతున్నాను."

మాష్టారు ఆమె భుజం మీదుగా డాక్టరమ్మను చూశాడు. "బాగా ఎక్కువగా ఉందా అండీ?" అన్నాడు మెల్లగా.

ఆయన తప్పేమీ లేదు. రిసెప్షన్ అమ్మాయి ఆయనకు ఫోను చేసి, 'డాక్టరమ్మ అక్కని తీసుకుని బయల్దేరారు, మీరు కంగారు పడకండి, పక్క సిద్ధం చేసి ఉంచండి' అని మాత్రం చెప్పి, ఏడుపొచ్చి పెట్టేసింది. పాప ఊసే ఎత్తలేదు.

ఆమె బాల్కనీలో చూసింది. పరదాల వెనక చూసింది. స్నానాల గది తలుపు ఒక్క తోపు తోసింది. బట్టల బీరువా తెరిచింది. చివరికి ఫ్యాను పెట్టె కూడా ఎత్తి చూసింది. పాటల టీచరు కాస్త సన్నగా ఉంటుందని విన్న గుర్తు.

"అమ్మాయ్, ఇటు రా," అంది డాక్టరమ్మ. గొంతులో ఏదో తేడా ఉంది.

సోఫా పక్కన నేల మీద పిట్ట కూర్చుని ఉంది. బుగ్గల మీద, నుదుటి మీద, రెండు చేతుల మీద, పొట్ట మీద ఎర్రెర్రని మచ్చలు. వేలెడు సందు లేకుండా ఉన్నాయి.

ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది. గొంతు, టీచరు, అన్నీ ఎగిరిపోయాయి. తను నోటికొచ్చినట్టు అన్న మాట బిడ్డ ఒంటి మీదికి వచ్చి కూర్చుందనిపించింది. పరుగెత్తి పిట్టను ఎత్తి గుండెకు హత్తుకుంది. "నేనే అన్నాను. నా నోరు పడిపోను, నేనే అన్నాను," అని గొణగడం మొదలుపెట్టింది. పిట్ట తప్పించుకోవడానికి కాళ్ళు తన్నుకుంటోంది.

అప్పుడే సోఫా వెనకనుంచి బొద్దు వచ్చాడు. వాడి చేతిలో మాష్టారు పేపర్లు దిద్దే ఎర్ర స్కెచ్ పెన్ను ఉంది. వాడు తీరిగ్గా కూర్చుని తన మోకాలి మీద ఒక మచ్చ పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ మాష్టారి చేతిలోని తడిగుడ్డ తీసుకుని పిట్ట బుగ్గ మీద రుద్దింది. మచ్చలు గుడ్డకు వచ్చేశాయి.

"పక్క వేయడానికి ఒక్క క్షణం లోపలికి వెళ్ళానండీ," అన్నాడు మాష్టారు నేరం చేసినవాడిలా.

"సరే, మచ్చల సంగతి తేలింది. మరి ఒళ్ళు వెచ్చగా ఉందన్నావు?" అంది డాక్టరమ్మ పిట్ట నుదురు తాకి చూస్తూ.

"పాపకా? పాపకేం జ్వరం. జ్వరం ఈవిడకి కదా?" అన్నాడు మాష్టారు.

ఆమె ఏదో ఒకటి చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో సోఫా కిందనుంచి మళ్ళీ వినిపించింది. "ఏదీ... నా బంగారం ఏదీ..."

"అదిగో," అంది ఆమె సోఫా వైపు వేలు చూపిస్తూ. "విన్నారా మేడమ్? ఆ ముక్కుతో మాట్లాడటం విన్నారా? ఆ సాగదీయడం చూడండి."

డాక్టరమ్మ తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది. ఎన్నో చెవులు చూసిన మనిషి.

"విన్నాను," అంది. "నువ్వు సెలవు పెట్టేదాకా రోజూ విన్నాను."

మాష్టారు వంగి సోఫా కింద చెయ్యి పెట్టి, అద్దం పగిలిన పాత ఫోను బయటికి తీశాడు. అందులో జుట్టు ముడి ఊడిపోయి, చెంపకు అన్నం మెతుకు అంటుకుని, చేతిలో గిన్నెతో ఆమే ఉంది. ఎప్పుడు తీశాడో ఆమెకు తెలియదు. ఫోనులోని ఆమె ముద్ద ఎత్తి పట్టుకుని, ముక్కుతో, సాగదీసుకుంటూ, "అమ్మ దగ్గర ఇంకొక్క ముద్ద" అంటోంది.

"నా గొంతు ఇలా ఉండదు," అంది ఆమె.

"మన గొంతు మనకి లోపల్నించి వినపడుతుంది. బయట్నించి వింటే పరాయివాళ్ళలా ఉంటుంది," అంది డాక్టరమ్మ. "పేషంట్లకి ఈ మాట చెప్పేది నువ్వే."

ఆమె మాష్టారి వైపు తిరిగింది. "మరి ఎవరూ లేరని ఎందుకన్నారు?"

"ఎవరూ లేరు కాబట్టి. ఫోన్లు చూపించొద్దన్నావు కదా, అందుకే చెప్పలేకపోయాను," అన్నాడు ఆయన. చేతిలోని దిండును అటూ ఇటూ మార్చుకున్నాడు. "నువ్వు కిందికి దిగిన చప్పుడు ఆగగానే మొదలుపెట్టారు. పాలు తాగలేదు, బొమ్మలు ముట్టలేదు. తలుపు దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. నాక్కూడా ఏడుపొచ్చింది."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

"పిట్ట కూడా?"

"ముందు మొదలెట్టిందే అది."

"బాగా ఏడ్చిందా?"

"ఎక్కిళ్ళు వచ్చేదాకా."

ఆమె మొహం తెల్లారినట్టు విచ్చుకుంది. "అయ్యో పాపం నా తల్లి," అంది, ఎంతో తృప్తిగా.

డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుంది. "రేపు వచ్చి మన పేషంట్లందరికీ నువ్వే ఫోను చేసి చెప్పు, మచ్చలు లేవని. గట్టిగా చెప్పు, లేకపోతే మళ్ళీ ఇంకోలా వినపడుతుంది," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తలుపు మూశాక ఆమె నేల మీద చతికిలబడి చేతులు చాచింది. "రండి నాన్నా. అమ్మ వచ్చేసింది."

పిల్లలు అప్పటికే ఫోనును సోఫాకు ఆనించుకుని దాని ముందు కూర్చున్నారు. బొద్దు వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఫోనులో తల్లిని చూశాడు. మళ్ళీ ఈమెను చూసి, ఫోను వైపే తిరిగిపోయాడు.

"బొద్దూ, అమ్మ ఇక్కడరా," అంది ఆమె.

పిట్ట మూతి మీద వేలు పెట్టుకుంది. "ష్," అంది. "అమ్మ."

ఆమె పాటల టీచరు మీద కూడా ఇంత ఉడుక్కోలేదు. ఫోనులోని అమ్మ కసరదు. ముక్కు తుడవదు. స్నానానికి లాక్కెళ్ళదు. ఒక్క ముద్ద ఎత్తి పట్టుకుని, రోజంతా నవ్వుతూనే ఉంటుంది. తను ఏనాడైనా అంతసేపు నవ్విందా? అలాంటిదాని పక్కన నిలబడి ఎవరు నెగ్గుతారు?

"ఏదీ... నా బంగా..." అంటూ ఫోను నల్లబడిపోయింది. చార్జింగు అయిపోయింది.

ఇద్దరూ ఒకేసారి గొంతెత్తారు. పిట్ట ఫోనును చేత్తో బాదింది, తిప్పి వెనక చూసింది. అక్కడా అమ్మ లేదు. బొద్దు నేల మీద దొర్లడం మొదలుపెట్టాడు. మాష్టారు దిండు పడేసి చార్జరు కోసం పరుగెత్తబోయాడు.

ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని ఆపింది. గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ శబ్దం వినడానికీ పడనంత శ్రమ పడి, ముక్కుతో, చివర బాగా సాగదీస్తూ అంది.

"...రం ఏదీ..."

ఏడుపు ఆగింది. పిల్లలు ఫోనును చూశారు, ఆమెను చూశారు. బొద్దు లేచి వచ్చి ఆమె ముక్కును వేలితో తాకాడు. లోపల ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు చూసి, "అమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆమె ఒళ్ళోకి ఎక్కేశారు. చోటు కోసం ఒకరినొకరు తోసుకున్నారు. ఎర్ర మచ్చలన్నీ ఆమె బట్టలకు అంటుకున్నాయి. ఆ బరువుకు కాళ్ళు తిమ్మిరెక్కినా చీకటి పడేదాకా ఆమె అక్కణ్ణించి లేవలేదు.

పిల్లలు నిద్రపోయాక మాష్టారు అడిగాడు. "మరి రేపు ఎలా?"

"ఏముంది, ఏడిస్తే ఆ వీడియోనే పెట్టండి," అంది ఆమె. "పసివాళ్ళు. అమ్మ గొంతు వింటే తప్పేముంది."

ఆ పెద్దమనసుకు మాష్టారు కదిలిపోయాడు. మర్నాడు ఉదయం ఆమె పాత ఫోనును అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టి, పిల్లలను ముద్దు పెట్టుకుని, నవ్వుతూ బయల్దేరింది.

చార్జరు మాత్రం తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళింది.